బ్రతుకుతెరువునకు ఆంగ్లము

హైదరాబాదు నగరమునకు తూర్పున, విజయవాడకు పోవు రాజమార్గము మీద, దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి. నగరు కూడలివరకు గల ప్రదేశమున తెల్లవారుజామున నడచువారికి ఒక విచిత్రమైన దృశ్యము కానవచ్చును. వస్త్రదుకాణముల తలుపులు మూసియే యుండును. ఇడ్లీబండ్లవారు అప్పుడే పొయ్యి వెలిగించుచుందురు. అయినను మేడలమీది గదులలో దీపములు వెలుగుచుండును. మెట్ల మొదట చెప్పులు కుప్పలుగా పడియుండును. లోపల నలువదిమందియో యేబదిమందియో కూర్చుండి, ఉపాధ్యాయుడు చెప్పిన ఆంగ్లవాక్యములను ఒక్కకంఠముతో వల్లించుచుందురు. వీరు బాలురు కారు. మీసములు వచ్చిన పురుషులు, బిడ్డలను బడికి పంపుటకు ముందు ఒక గంట తీరిక చేసికొని వచ్చిన తల్లులు, రాత్రి పని ముగించుకొని నిద్రకన్నులతో వచ్చిన ఆసుపత్రి యుద్యోగులు, పట్టము చేతబుచ్చుకొని రెండుమూడేండ్లుగా కొలువు వెదకుచున్న పట్టభద్రులు. వీరికి కావలసినది ఆంగ్లసాహిత్యము కాదు. కొలువు.

వీరిలో పెక్కండ్రు నల్లగొండ, సూర్యాపేట, మహబూబునగరు, ఖమ్మము జిల్లాల పల్లెలనుండి వచ్చినవారు. ఈ పుటను చదువు గృహస్థులలో ఎందరి కుమారులో, కుమార్తెలో ఈనాడచ్చట వసతిగృహములలో నున్నారు. మాసమునకొకసారి రైతు తన ప్రత్తి యమ్మిన సొమ్ములోనుండి గదియద్దెకును, భోజనమునకును, శిక్షణరుసుమునకును పంపుచున్నాడు. ఆ సొమ్మునకు ప్రతిఫలముగా బిడ్డకు లభించుచున్నదేమి యని అడిగినవారు అరుదు. పల్లెలోని తండ్రి ఆంగ్లము తనకు రాదు గనుక అడుగుటకు సంకోచించును. బిడ్డయు తనకు వచ్చినదెంతయో చెప్పుటకు సంకోచించును. ఈ రెండు సంకోచముల నడుమ ఒక గొప్ప వ్యాపారము నడచుచున్నది.

దిల్‌సుఖ్‌రామ్ ప్రసాదు అను భూస్వామి తన పొలమును ఇండ్లస్థలములుగా విభజించి అమ్ముటచే ఈ ప్రాంతమునకు ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. పిమ్మట రాజమార్గము వెంట బస్సులు పెరిగెను. నల్లగొండవైపునుండి వచ్చువారు మొదట దిగుటకు అనువైన తావు ఇదియే యయ్యెను. దిగినచోటనే గది దొరకెను, గది దొరకినచోటనే భోజనశాల వెలసెను, దాని ప్రక్కనే శిక్షణాలయము పుట్టెను. బ్యాంకు పరీక్షలు, పోలీసు పరీక్షలు, ఉపాధ్యాయ పరీక్షలు, గ్రూపు పరీక్షలు, కంప్యూటరు, ఆంగ్లసంభాషణము - అన్నియు ఒక్క వీథిలో. 2013వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము ఆ వీథిలోనే బాంబులు ప్రేలి పదిహేడుగురికి పైగా మరణించిరి. మృతులలో చదువుకొరకు పల్లెలు విడిచి వచ్చిన విద్యార్థులును గలరు. కొలది దినములకే తరగతులు మరల నిండెను. ధైర్యమనుటకన్న అగత్యమనుటయే నిజము.

2018 సెప్టెంబరు 24న అమీరుపేటనుండి ఎల్.బి. నగరువరకు మెట్రోరైలు నడచుట ప్రారంభమైనది. 2019లో అమీరుపేటనుండి హైటెక్ సిటీకిని, ఆ సంవత్సరాంతమునకు రాయదుర్గమునకును రెండవ మార్గము సాగినది. ఇప్పుడు ఎల్.బి. నగరులో ఎక్కిన యువకుడు అమీరుపేటలో బండి మారి, నగరమునకు పడమట నున్న గొప్పగొప్ప కంపెనీల గుమ్మము వరకు పోగలడు. దూరము తగ్గినది. ఇంటర్వ్యూగది తలుపు మాత్రము అతనికి మునుపటివలెనే బరువుగా నున్నది. తెలుగుమాధ్యమమున చదివి, లెక్కలలోను విషయజ్ఞానములోను ఎవరికిని తీసిపోని యువకుడు ఆ గదిలో నోరు మెదపలేక, వచ్చిన దారినే తిరిగి మలకుపేట, ముసారాంబాగు దాటి వచ్చుచున్నాడు.

మన దేశభాషాభిమానులు దీనికి సమాధానముగా, తెలుగుననే సర్వవ్యవహారములు నడపవలయును, అప్పుడీ బాధ యుండదు అందురు. ఆ కోరిక ధర్మమైనదే. కాని నేడు ముప్పది యేండ్ల వయస్సు గలవాడు ఆ దినము వచ్చువరకు ఏమి తిని కూర్చుండవలెను? హైదరాబాదు చరిత్రమును చూచినను, రొట్టె నిచ్చు భాష ఇచ్చట మాటిమాటికి మారినది. 1880 దశకము వరకు నిజాము కొలువున పారసీకము రాజభాష. పిమ్మట ఉర్దూ వచ్చినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూమాధ్యమముతో నెలకొల్పబడినది. ఇంటిలో తెలుగు మాటలాడు కుటుంబముల బిడ్డలు వకీళ్లగుటకును, తహసీలుదారులగుటకును ఆ భాషను పట్టుదలతో నేర్చిరి. 1948లో పోలీసుచర్య జరిగిన పిదప పాలన ఆంగ్లమునకు మరలెను. విశ్వవిద్యాలయమును ఆంగ్లమునకే మారెను. ఉర్దూలో ప్రవీణులైనవారు ఒక్కసారిగా చదువురానివారివలె నిలిచిపోయిరి. ఆంగ్లము నేర్చిన వెలుపలి ప్రాంతమువారు వచ్చి కొలువులలో చేరిరి. 1952లో చెలరేగిన ముల్కీ యాందోళనకు గల కారణములలో ఇదియు నొకటి. 1966లో తెలుగు రాష్ట్రాధికారభాష యైనది. 1968లో తెలుగు అకాడమీ స్థాపితమై కళాశాలలకు తెలుగు పాఠ్యపుస్తకములు వెలువరించినది. ఆ పుస్తకములు చదివి పట్టభద్రులైనవారే నేడు దిల్‌సుఖ్‌నగరు మేడమీది గదిలో కూర్చున్నవారు. చదువొక భాషలో చెప్పి, కొలువు వేరొక భాషలో పెట్టుట వారి తప్పా?

కావున ఆంగ్లము నేర్చుట స్వభాషాద్రోహమని వారిని నిందించుట అన్యాయము. ఈ విషయమున శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితమును ఒకపరి తలచికొనవలసియున్నది. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఈమె, బాల్యమున ఆంగ్లమున బోధించుటకు నిరసనగా బడి మానివేసెను. చిన్నవయస్సుననే కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడపెను. ఉప్పు సత్యాగ్రహ కాలమున చెరసాలకు పోయెను. విడుదలయైన పిదప, వయస్సు వచ్చిన తరువాత, తాను విడిచిన చదువునే మరల చేపట్టెను. బెనారసు మెట్రిక్యులేషను పరీక్ష నిచ్చి, ఆంధ్రవిశ్వకళాపరిషత్తున పట్టము పొంది, 1942లో మదరాసున న్యాయశాస్త్రపట్టము గ్రహించి, 1946లో రాజ్యాంగ పరిషత్తున సభ్యురాలయ్యెను. ఆంగ్లమును కాలదన్నినదియు ఆమెయే. పనికొరకు దానిని సాధించినదియు ఆమెయే. ఆ రెండింటి నడుమ విరోధమున్నట్లు ఆమె తలచినట్లు లేదు.

మన విషయమునకు అంతకన్న ముఖ్యమైనది ఆమె ఇతరులకొరకు చేసిన ఏర్పాటు. మదరాసులో మెట్రిక్యులేషను పరీక్షకు స్త్రీలను సిద్ధపరచు తరగతులనుండి 1937లో ఆంధ్రమహిళాసభ రూపొందినది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె ప్రథమాధ్యక్షురాలయ్యెను. 1958లో ఆ మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాప్రణాళికను ప్రారంభించినది. బాల్యమున చదువు తప్పిన స్త్రీలు, వితంతువులు, భర్తలచే విడువబడినవారు, కొలది సంవత్సరములలో పరీక్షకు సిద్ధమగునట్లు ఆ తరగతులు ఏర్పడినవి. దీనికి మూలమైన యాలోచనను గమనింపుడు. దేశమునకు దాదులు, మంత్రసానులు, గ్రామసేవికలు, ఉపాధ్యాయినులు కావలసియుండిరి. పల్లెలలో అందులకు తగిన స్త్రీలుండిరి. నడుమ చదువు మాత్రము లోపించియుండెను. కొలువేదియో ముందు నిర్ణయించి, దానికి కావలసిన చదువును వెనుక నిర్ణయించిరి. నేటి వీథి తరగతులలో జరుగుచున్నది దీనికి తలక్రిందులు. చదువు ముందు అమ్ముదురు. కొలువు సంగతి విద్యార్థి యదృష్టమునకు విడిచిపెట్టుదురు.

వెనుకటి తరమువారికి టైపు ఇన్‌స్టిట్యూటులు జ్ఞాపకముండును. చిన్న పట్టణమున సయితము రెండు గదుల ఇంటిలో ఇరువది యంత్రములు టకటకలాడుచుండెడివి. ఇంగ్లీషు లోయరునకు నిమిషమునకు 30 పదములు, హయ్యరునకు 45 పదములు కొట్టవలెను. సాంకేతిక విద్యామండలివారు పరీక్ష పెట్టి ధ్రువపత్రము నిచ్చెడివారు. అచ్చట ఎవ్వరును వ్యాకరణము బోధింపలేదు. అయినను ఆరునెలలు ఆంగ్లలేఖలను అక్షరమక్షరము కొట్టుటచే, లేఖ ఎట్లు మొదలిడవలెను, ఎట్లు ముగింపవలెను, మనవి ఎట్లు చేయవలెను అనునది వ్రేళ్లకు పట్టువడెడిది. కచేరిగుమాస్తాలు, బ్యాంకు గుమాస్తాలు, కంపెనీ కార్యదర్శులు వేలకొలదిగా ఆ గదులనుండియే పోయిరి. భాషయు చేతిపనియు ఒక్క బల్లమీదనే లభించెను. కంప్యూటరు వచ్చి ఆ యంత్రములను మూలకు నెట్టినది. అందు విచారింపనక్కరలేదు. విచారింపవలసినది వేరొకటి: చేతిపని ఒక మేడమీదికిని, భాష ఎదుటి మేడమీదికిని విడిపోయినవి. ఇచ్చట ఉదయము టాలీ లెక్కలు నేర్చువాడు సాయంకాలము అచ్చట ఆంగ్లము నేర్చును; ఈ గురువెవరో ఆ గురువునకు తెలియదు.

ఇక ఆ తరగతి ఎట్లు సాగును? ముప్పది దినములలో ధారాళముగా మాటలాడింతుమని కంబముల మీద, మెట్రోస్తంభముల మీద, బస్సుల వెనుక ప్రకటనలు. మొదటివారము కాలముల పట్టిక. రెండవవారము మరికొన్ని పట్టికలు. పిదప స్వపరిచయము. ఈ స్వపరిచయమనునది ప్రత్యేకముగా చెప్పదగినది. పేరు, ఊరు, తండ్రిపేరు, చదువు, బలము, బలహీనత, వ్యాసంగములు - అన్నియు గురువు వ్రాసి యిచ్చును, శిష్యులు కంఠస్థము చేయుదురు. నలువదిమందియు కష్టించి పనిచేయుటయే తమ బలమందురు. అతిగా కష్టించుటయే తమ బలహీనత యందురు. పాటలు వినుట, క్రికెట్టాడుట తమ వ్యాసంగములందురు. కొలువిచ్చువాడు ఆ పలుకులను ఉదయమునుండి పదిసార్లు విని, పదునొకండవవానిని నడుమ ఆపి, నీవు నిన్న సాయంకాలమేమి చేసితివని అడుగును. అంతటితో కట్ట తెగును.

ఇందుకు గురువులనందరిని దూషించుట నా యుద్దేశము కాదు. వారిలో శ్రమజీవులు, తామును అట్లే పల్లెనుండి వచ్చి నేర్చినవారు చాలమంది గలరు. దోషము పద్ధతిలో నున్నది. వయస్సు వచ్చినవాడు బాలునివలె భాష నేర్వడు. బాలునికి మాటయు నూతనమే, లోకమును నూతనమే. వయోజనునికి లోకము తెలియును, మాట మాత్రము తెలియదు. అతని తలలో తెలుగు వాక్యము సిద్ధముగా నున్నది. దానిని కాదని, తెలుగు వినబడరాదని గోడమీద వ్రాసిపెట్టి, తరగతిలో తెలుగు పలికినవానికి జరిమానా విధించు శిక్షణాలయములును గలవు. ఇది పునాది త్రవ్వి పారవేసి గోడ కట్టబూనుట.

తెలుగుతో పోల్చి చూపినచో చిక్కులు ఎంత సులువుగా విడునో చూడుడు. 'రోజూ వస్తాను', 'రేపు వస్తాను' అని మనము ఒక్క క్రియతో రెండు పనులు చేయుదుము. ఆంగ్లమున మొదటిదానికి 'ఐ కమ్' అనియు, రెండవదానికి 'ఐ విల్ కమ్' అనియు వేరువేరుగా చెప్పవలెను. మన క్రియ వాక్యము చివర నిలుచును. వారి క్రియ కర్తకు వెంటనే రావలెను. మనము ప్రశ్న వేయవలెనన్న 'వచ్చాడు' అనుదాని తుదియచ్చును 'వచ్చాడా' అని మార్చిన చాలును. వారు 'డిడ్' అను వేరొక పదమును ముందునకు తెచ్చి, 'కేమ్' అనుదానిని తిరిగి 'కమ్' గా మార్చవలెను. నామవాచకముల ముందు వారు వాడు 'ఎ', 'ది' అనువానికి మనభాషలో జోడు లేదు. అందుచే మనవారు వానిని విడిచిపుచ్చుదురు, లేదా భయముచే ప్రతిచోట తగిలింతురు. మనకు మాట అచ్చుతో ముగియుట అలవాటు. అందుకే బస్సు, కప్పు, బ్యాంకు. ఈ తుది ఉకారమును ఎచ్చట విడువవలెనో చెప్పినచో ఉచ్చారణలో సగము దిద్దుబాటు ఒక్కవారమున జరుగును. ఇవి యేమియు గొప్ప శాస్త్రరహస్యములు కావు. తెలుగు వ్యాకరణమును, ఆంగ్లవ్యాకరణమును రెండింటిని ఎరిగిన గురువు కావలెను. అంతే.

వయోజనునికి గల మరియొక మూలధనమును ఎవ్వరును లెక్కింపరు. విద్యుత్తుపని చేయువానిని ఆంగ్లము వచ్చునా యని అడిగినచో రాదనును. కాని ఫేజు, న్యూట్రలు, ఎర్తు, ఫ్యూజు, మెయిను, లోడు, షార్టు, వోల్టేజి - ఇవన్నియు వాని నిత్యభాష. మోటారుపనివానికి గేరు, క్లచ్చి, బేరింగు, గ్యాస్కెట్టు తెలియును. మేస్త్రీకి స్లాబు, సెంట్రింగు, లెవెలు, ప్లాను తెలియును. ఒక్కొక్కనికి రెండుమూడు వందల ఆంగ్లపదములు, వాని అర్థముతోను ప్రయోజనముతోను సహా, చేతిలో నున్నవి. ఆ పదములను వాక్యములలో కూర్చుట నేర్పినచో వాడు మూడు మాసములలో యంత్రముతో వచ్చిన సూచనాపత్రమును చదువుకొనగలడు, పైయధికారికి లోపమేదియో నాలుగు మాటలలో వ్రాసి పంపగలడు. ఎత్తుమేడల లిఫ్టులను, శీతలయంత్రములను బాగుచేయువారిలో జీతము హెచ్చుట కొంతవరకు ఈ నాలుగు మాటలమీదనే యాధారపడియున్నది.

ఆసుపత్రిలో దాదిని చూడుడు. ఎల్.బి. నగరు పరిసరముల గొప్ప ఆసుపత్రులు గలవు. వానిలో పల్లెలనుండి వచ్చిన కన్యలు వందలకొలది పనిచేయుచున్నారు. వైద్యుడు మందుచీటిమీద బి.డి. అని వ్రాసిన దినమునకు రెండుమార్లనియు, టి.డి.ఎస్. అని వ్రాసిన మూడుమార్లనియు, ఎస్.ఓ.ఎస్. అని వ్రాసిన అవసరమైనప్పుడే యనియు ఆమెకు తెలియును. కాని ఉదయము పని ముగియు వేళ, రాత్రి రోగి స్థితి యెట్లుండెనో తరువాత వచ్చు దాదికిని వైద్యునికిని వరుసగా చెప్పవలసియుండును: జ్వరమెంత, రక్తపోటెంత, ఏ మందు ఎప్పుడిచ్చితిమి, దేనికి ఎదురుచూచుచున్నాము. ఈ యప్పగింతకు కావలసిన వాక్యములు ఏబదికి మించవు. వానిని చక్కగా నేర్చిన దాదికి పెద్ద పదవియు వచ్చును, రోగికి ప్రాణమును దక్కును. ఇచ్చట ఒక్కమాట తప్పుటయనగా మార్కు తగ్గుట కాదు. అట్టి దాదికి ముప్పది దినముల ధారాళసంభాషణ తరగతిలో వ్యాసంగములు చెప్పించుటవలన ఏమి లాభము? తెలంగాణ ప్రభుత్వమువారి విదేశీయుద్యోగసంస్థ జర్మనీ దేశమునకు పోవు దాదులకు జర్మనుభాషను నేర్పించుచున్నది. అచ్చట కొలువు నిశ్చయము, భాషాస్థాయి నిశ్చయము, పరీక్ష నిశ్చయము. ఇరుగుపొరుగు ఆసుపత్రికి పోవు దాది విషయమున ఆపాటి శ్రద్ధ ఏల లేదు?

దుకాణపు గుమాస్తా సంగతియు నట్టిదే. 2017 జులై 1న జి.ఎస్.టి. అమలులోనికి వచ్చిన నాటనుండి చిన్న వర్తకునికి సయితము లెక్కలు చూచువాడు కావలసివచ్చెను. బిల్లు, డెబిట్ నోటు, క్రెడిట్ నోటు, రిటరను, నోటీసునకు ప్రత్యుత్తరము - ఇంతే వాని యాంగ్లలోకము. దిల్‌సుఖ్‌నగరునందే ఇట్టి గుమాస్తాలకు గిరాకి గలదు. హైటెక్ సిటీ వరకు పోనక్కరలేదు.

పరీక్షలకు చదువువారి దారి కొంత వేరు. 2021లో ప్రభుత్వరంగ బ్యాంకుల గుమాస్తా పరీక్షలను ప్రాంతీయభాషలలోను నిర్వహింప నిశ్చయించిరి. 2023లో కేంద్ర సిబ్బంది ఎంపిక సంఘమువారి మల్టీటాస్కింగు పరీక్ష, 2024లో కేంద్ర సాయుధదళముల కానిస్టేబులు పరీక్ష తెలుగుతో సహా పదుమూడు ప్రాంతీయభాషలలో జరిగినవి. మనవారు సంతోషింపదగిన విషయమే. అయినను బ్యాంకు గుమాస్తా ప్రాథమిక పరీక్షలో నూరు ప్రశ్నలకు ముప్పది ఆంగ్లభాషకు సంబంధించినవి. వానికి తెలుగు తర్జుమా యుండదు. తెలుగున ప్రశ్నపత్రము వచ్చెనను ఊరటతో ఆంగ్లమును పూర్తిగా విడిచినవాడు ఆ ముప్పదిలో జారిపోవును. ఈ సంగతి హాస్టలు గదులలో అందరికి తెలియును. ఇంటికడ సొమ్ము పంపు తండ్రులకు తెలియదు.

ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట సత్యము కాదు. జంటనగరములలో యువజనులకు పని నేర్పుటకు 1978లో సెట్విన్ సంస్థ ఏర్పడినది. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసి, బడి మెట్లెక్కనివానికి సయితము పట్టమునకు దారి చూపినది. నేడు దానికి అంబేద్కరు మహాశయుని పేరు. ఉమ్మడి రాష్ట్రమున 2005 ప్రాంతమున గ్రామీణాభివృద్ధి శాఖవారు ఉపాధికల్పన మిషనును స్థాపించి, ఆంగ్లము, పనియందలి నడవడి, కంప్యూటరు - ఈ మూడింటిని కలిపి మూడు మాసములు వసతితో నేర్పు అకాడమీలను నడపిరి. నా యెరుకలో ఈ ప్రాంతమున జరిగిన ప్రయత్నములలో సరియైన నాడి పట్టినది అదియే. 2014లో కేంద్రమువారు దీనదయాళ్ పేరిట గ్రామీణ కౌశల్య పథకమును తెచ్చిరి. 2024లో రాష్ట్రమువారు యంగ్ ఇండియా స్కిల్స్ విశ్వవిద్యాలయమునకు చట్టము చేసిరి.

కాని ఈ పథకముల గడపలకు కొలతలున్నవి. దీనదయాళ్ పథకము గ్రామీణ నిరుపేదలకు. వయస్సు సామాన్యముగా 35 దాటరాదు, స్త్రీలకు 45. ఇక చైతన్యపురిలో దుకాణమున పదునాల్గేండ్లుగా గుమాస్తాగిరి చేయుచు, ముప్పదియెనిమిదవ యేట మెరుగైన కొలువు కోరువాడు ఎచ్చటికి పోవలెను? అతడు గ్రామీణుడు కాడు, నిరుపేదయు కాడు, యువకుడును కాడు. పిల్లలు పెద్దవారై, పగలు నాలుగు గంటల తీరిక దొరకిన గృహిణి ఎచ్చటికి పోవలెను? 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలో ఆంగ్లమాధ్యమము వచ్చినది. బిడ్డ పుస్తకము తల్లికి తెలియదు. బిడ్డకు పాఠము చెప్పుటకై ఆంగ్లము నేర్వ మొదలిడి, దానితోనే ఒక చిన్న కొలువు సంపాదించుకొన గలిగిన స్త్రీలు అనేకులు గలరు. వారిని ఏ పథకమును ఎరుగదు. అందుచే వారు మేడమీది గదికే పోవుచున్నారు. డోమలగూడ రామకృష్ణమఠమువారు ఎంతోకాలముగా స్వల్పరుసుముతో భాషాతరగతులు నడపుచున్నారు. తెల్లవారుజామున బయలుదేరి అంతదూరము పోవువారును గలరు.

మరియొక వింత. ఆంగ్లబోధనాశాస్త్రమునకు దేశమునకంతకు తలమానికమైన సంస్థ మన నగరముననే యున్నది. 1958లో కేంద్ర ఆంగ్లభాషాసంస్థగా పుట్టి, 1972లో విదేశీభాషలను చేర్చుకొని, 2007లో విశ్వవిద్యాలయమైన ఆ సంస్థ ఉస్మానియా ప్రాంగణము ప్రక్కననే యున్నది. దిల్‌సుఖ్‌నగరునకు అచ్చటికి రెండుమూడు క్రోసుల దూరము. పరభాషీయులకు ఆంగ్లమెట్లు నేర్పవలెనో దశాబ్దములుగా పరిశోధించినవారు అచ్చట. పట్టికలు వల్లింపజేయువారు ఇచ్చట. మెట్రోస్తంభములపై ప్రకటనలు చూచుచు పోవువారికి ఈ రెండు తావులు ఒక్క నగరమున నున్నవని తోచదు.

పల్లెలనుండి బిడ్డలను పంపు గృహస్థులకు ఒక మనవి. ధారాళముగా మాటలాడింతుమను వాగ్దానమును నమ్మి రుసుము ముందుగా చెల్లింపకుడు. తరగతిలో ఎందరుందురో కనుగొనుడు; గంటలో నలువదిమంది యున్నచోట మీ బిడ్డ నోరు విప్పుటకు ఒకటిన్నర నిమిషమైనను దొరకదు. ఏ కొలువునకు ఏ ఆంగ్లము నేర్పుదురని అడుగుడు. అన్నింటికిని ఒక్కటే యని బదులు వచ్చినచో లేచి రండు. నూరుపాళ్లు ఉద్యోగము ఖాయమనువారిని, సొమ్ము చెల్లించిన కొలువిప్పింతుమనువారిని, లేని అనుభవమునకు పత్రములిత్తుమనువారిని దరి చేరనీయకుడు. ఎకరములమ్మి అట్టివారి చేతిలో పోసి, పిదప రక్షకభటనిలయముల చుట్టు తిరిగిన కుటుంబములు లేకపోలేదు. మరియు బిడ్డ ఇంటికి వచ్చినపుడు ఇంగ్లీషు ఏది మాటలాడుమని నలుగురిలో నిలువబెట్టి పరీక్షింపకుడు. సిగ్గు భాషకు మొదటి శత్రువు. ఆ సిగ్గును పోగొట్టుటకే పంపితిమను మాట మరచి, మనమే దానిని పెంచుచున్నాము.

నగరవాసులు చేయదగినదియు నొకటి గలదు. 1960 నాటి గ్రంథాలయచట్టము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయసుంకముగా వసూలగుచున్నది. చిక్కడపల్లి కేంద్రగ్రంథాలయమున పరీక్షలకు చదువువారు కూర్చుండుటకు చోటు చాలక వరండాలలో నేలమీద కూర్చుందురు. సరూరునగరు, కొత్తపేట, ఎల్.బి. నగరు ప్రాంతముల ఇండ్లవారు చెల్లించు సుంకము తక్కువ కాదు. ఆ సొమ్ములో కొంత ఈ ప్రాంతముననే వెచ్చించి, సాయంకాలము ఆరుగంటలనుండి తొమ్మిదివరకు వయోజనుల యాంగ్లతరగతులు నడపుమని మన ప్రతినిధుల నడుగవచ్చును. భవనములు కట్టనక్కరలేదు. ప్రభుత్వపాఠశాలలు సాయంకాలమైనంతనే మూతబడి, రాత్రియంతయు చీకటిలో నుండుచున్నవి. బల్లలున్నవి, నల్లబల్లలున్నవి, విద్యుద్దీపములున్నవి. ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులు, దాదులు, బ్యాంకు అధికారులు ఈ కాలనీలలో వీథికిద్దరుముగ్గురు గలరు. వారానికి రెండు సాయంకాలములు వచ్చుటకు పెక్కండ్రు సమ్మతింతురు. ఒక గదిలో దాదులకు, ఒక గదిలో లెక్కలవారికి, ఒక గదిలో విద్యుత్తు, మోటారు పనివారికి తరగతి పెట్టవచ్చును; గదికి పదునైదుగురికి మించరాదు. పుస్తకములకు బదులు మందుచీట్లు, బిల్లులు, యంత్రముల సూచనాపత్రములు చాలును.

ఇట్టి యేర్పాటును గురించి ఒక పాఠశాల పెద్దలతో ప్రస్తావించినపుడు వారు ఆలోచన బాగున్నదనిరి. రాత్రి తొమ్మిదిగంటలకు ద్వారమునకు తాళము వేయు బాధ్యత ఎవరిదని మాత్రము అడిగిరి. కాపలావానికి ఆ మూడుగంటల అదనపు జీతమునిచ్చు పద్దు ఏ శాఖలో వ్రాయవలెనో తేలినచో, మిగిలినదంతయు వారమురోజులలో అమరును.